4 గెలుపులు, 20 ఓటములు

శ్రోతలకు నమస్కారం.

ఈ వేళ నేను చెప్పబోయే మనిషి పేరు సి.ఎం. న్యూటన్. సి.ఎం. అనగానే మనకు ముఖ్యమంత్రి గుర్తొస్తాడు. ఈయన ముఖ్యమంత్రి కాదండీ, చార్లెస్ మార్టిన్ అన్న పేరుకు అవి పొడి అక్షరాలు. అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్ కోచ్. తర్వాత అథ్లెటిక్ డైరెక్టర్ అయ్యారు. మన కాలేజీల్లో పి.డి. గారు ఉంటారు చూశారా, ఫిజికల్ డైరెక్టర్, ఇంచుమించు ఆ ఉద్యోగమే. కాకపోతే మన పి.డి. గారి బీరువాలో నాలుగు బంతులు, ఒక గాలి పంపు, ఒక విజిల్ ఉంటాయి. అక్కడ ఆయన చేతికింద పెద్ద పెద్ద స్టేడియాలు, బోలెడంత డబ్బు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఏ జట్టుకు ఎవరు కోచ్ అన్నది తేల్చేది ఆయనే.

1968. అలబామా యూనివర్సిటీ. ఊరి పేరు టస్కలూసా. ఆ ఊళ్లో ఆటంటే ఫుట్‌బాలే, అదీ వాళ్ల అమెరికన్ ఫుట్‌బాల్. దాని కోచ్ బేర్ బ్రయంట్, అథ్లెటిక్ డైరెక్టర్ కూడా ఆయనే. బాస్కెట్‌బాల్‌కి ఒక కోచ్ కావలసి వచ్చి, కెంటకీ యూనివర్సిటీలో పేరుమోసిన బాస్కెట్‌బాల్ గురువు అడాల్ఫ్ రప్‌ని అడిగారు. రప్ చెప్పిన పేరు న్యూటన్. 1951లో జాతీయ ఛాంపియన్ అయిన రప్ జట్టులో ఆడిన కుర్రాడే. అప్పటికి ఒక చిన్న కాలేజీలో పన్నెండేళ్లకు పైగా కోచ్‌గా ఉన్నాడు.

వచ్చాడు. మొదటి సీజన్: 4 గెలుపులు, 20 ఓటములు.

మళ్లీ చెబుతాను. 4 గెలుపులు, 20 ఓటములు.

రెండో ఏడు 8 గెలిచి 18 ఓడారు. మూడో ఏడు 10 గెలిచి 16 ఓడారు. ఆ కోచ్ గారింట్లో ఎంత టెన్షన్ ఉండి ఉంటుందో మీరే ఊహించుకోండి.

అయితే ఓడుతున్న ఆ రోజుల్లోనే, 1969లో, న్యూటన్ బర్మింగ్‌హామ్ నుంచి ఒక కుర్రాణ్ణి తెచ్చారు. పేరు వెండెల్ హడ్సన్. నల్లజాతి అబ్బాయి. అలబామా యూనివర్సిటీలో ఏ ఆటలోనైనా సరే, స్కాలర్‌షిప్ అందుకున్న మొదటి నల్లజాతి క్రీడాకారుడు అతనే.

అదెంత మాటో తెలియాలంటే ఆరేళ్లు వెనక్కి వెళ్లాలి. 1963 జూన్ 11. వివియన్ మలోన్, జేమ్స్ హుడ్ అనే ఇద్దరు నల్లజాతి విద్యార్థులు చేరడానికి వస్తే, రాష్ట్ర గవర్నర్ జార్జ్ వాలెస్ స్వయంగా తలుపు దగ్గర అడ్డంగా నిలబడ్డాడు. ఆయన తప్పుకోవడానికి నేషనల్ గార్డ్ సైనికులు రావలసి వచ్చింది. ఇది చరిత్ర పుస్తకాల్లో ఉన్నదే. నాకు బాగా పట్టుకున్నది ఇంకొకటి. ఆ తలుపు ఏ భవనానిది? ఫాస్టర్ ఆడిటోరియంది. ఆ ఆడిటోరియంలో ఏం జరిగేది? బాస్కెట్‌బాల్! యూనివర్సిటీ జట్టు ఆడే కోర్టు అప్పట్లో అక్కడే ఉండేది. న్యూటన్ వచ్చిన 1968లోనే కొత్త స్టేడియం తెరిచి, ఆటను అక్కడికి మార్చారు.

ఆ తలుపు సంగతి తెలిసిన ఊరికి హడ్సన్ వచ్చాడు. అప్పటి నిబంధన ప్రకారం మొదటి సంవత్సరం విద్యార్థులు ప్రధాన జట్టుకు ఆడకూడదు. కాబట్టి ఒక ఏడాది ఆగాడు. అతను జట్టులోకి వచ్చిన ఏడే ఆ 10 గెలుపులు, 16 ఓటములు. ఆ తర్వాత 18 గెలుపులు, ఆపైన 22. అలబామా ఆడేది కొన్ని యూనివర్సిటీల జట్లు కలిసిన ఒక కూటమిలో, దాన్ని కాన్ఫరెన్స్ అంటారు. 1973లో ఆ కాన్ఫరెన్స్ మొత్తానికి ఉత్తమ ఆటగాడు హడ్సనే. అదే ఏడాది డిసెంబరులో, హడ్సన్ చదువు ముగించి వెళ్లాక, న్యూటన్ ఒక మ్యాచ్‌కి దింపిన మొదటి ఐదుగురూ నల్లజాతి ఆటగాళ్లే. ఆ కాన్ఫరెన్స్‌లో అంతకుముందు ఎవరూ అలా దింపలేదు. గవర్నర్ తలుపు దగ్గర నిలబడి అప్పటికి పదేళ్లు. ఆ సీజన్ నుంచి వరుసగా మూడేళ్లు కాన్ఫరెన్స్‌లో పైస్థానం అలబామాదే, అందులో రెండుసార్లు మరో జట్టుతో పంచుకున్నారనుకోండి.

పేరు న్యూటన్‌కి వచ్చింది, రావలసిందే. నాకు మాత్రం బ్రయంట్ గుర్తొస్తాడు. మూడేళ్లు వరసగా ఓడిన కోచ్‌ని తీసెయ్యలేదాయన. ఫుట్‌బాల్ గెలుస్తుంటే బాస్కెట్‌బాల్ ఎవడిక్కావాలి అనుకున్నాడేమో అని మీరనవచ్చు. అయి ఉండవచ్చు కూడా. ఏమైతేనేం, తీసెయ్యలేదు.

మిగతాది గబగబా చెప్పేస్తాను, గడియారం పరుగెడుతోంది. 1980లో న్యూటన్ అలబామా వదిలి, ఆ కాన్ఫరెన్స్ కార్యాలయంలో ఒక ఏడాది కుర్చీ ఉద్యోగం చేశారు. ఉండబట్టలేదు. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీలో మళ్లీ ఎనిమిది సీజన్లు కోచింగ్. 1989లో తను చదివిన కెంటకీకి అథ్లెటిక్ డైరెక్టర్‌గా వెళ్లారు. నియమాలు మీరినందుకు అక్కడి బాస్కెట్‌బాల్ జట్టు మీద అప్పుడే శిక్షలు పడ్డాయి. న్యూటన్ రిక్ పిటినోని కోచ్‌గా తెచ్చారు. మొదటి ఏడు 14 గెలుపులు, 14 ఓటములు. 1996లో జాతీయ ఛాంపియన్లు. పిటినో పక్కన మగపిల్లల జట్టుకు అసిస్టెంట్ కోచ్‌గా పనిచేసిన బెర్నాడెట్ మాటాక్స్‌ని 1995లో అమ్మాయిల జట్టుకు ప్రధాన కోచ్‌ని చేశారు.

1997లో పిటినో వెళ్లిపోయారు. ఆ స్థానానికి న్యూటన్ టబ్బీ స్మిత్‌ని పిలిచారు. కెంటకీ పురుషుల జట్టుకు మొదటి నల్లజాతి ప్రధాన కోచ్. ఒకప్పుడు అది రప్ కూర్చున్న కుర్చీ. 1966 ఫైనల్లో రప్ నడిపిన తెల్లవాళ్ల జట్టు, ఐదుగురు నల్లజాతి ఆటగాళ్లను దింపిన టెక్సస్ వెస్టర్న్ అనే కాలేజీ జట్టు చేతిలో ఓడింది. ఆ రప్ శిష్యుడే ఇప్పుడు టబ్బీ స్మిత్‌ని తెచ్చి అక్కడ కూర్చోబెట్టారు. 1998 ఫైనల్లో యూటా మీద విరామానికి 10 పాయింట్లు వెనకబడి కూడా స్మిత్ జట్టు గెలిచింది.

మా చిన్నప్పటి స్కూల్లో ఒక డ్రిల్లు మాస్టారు వచ్చారు. సిమెంటు కోర్టు, వలలేని రింగు. అంతవరకూ ఎండలో నిలబడి చూడటమే తప్ప బంతి ముట్టుకోని పిల్లలను కూడా ఆయన జట్టులోకి తీసుకున్నారు. ఆ ఏడాది పోటీల్లో మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయాం. వేసవి సెలవులయ్యేసరికి మాస్టారు లేరు. అందుకే ఇప్పుడు స్కూలు నడిపేవాళ్లు ఎవరైనా వింటుంటే ఒక్క మాట. ఈసారి మీ జట్టు ఓడి తిరిగొస్తే స్కోరు తర్వాత అడగండి. నిరుడు జట్టులో లేని పిల్లలు ఈ ఏడు ఎవరెవరు చేరారో మాస్టార్ని ముందు అడగండి.

న్యూటన్ 2018లో, 88 ఏళ్ల వయసులో కన్నుమూశారు. వెండెల్ హడ్సన్ కూడా కోచ్ అయ్యాడు. అలబామాకే తిరిగొచ్చి అథ్లెటిక్స్ కార్యాలయంలో పెద్ద బాధ్యతలో కూర్చున్నాడు, అమ్మాయిల జట్టుకు కోచింగూ ఇచ్చాడు. 2020లో అతని 20 నంబరు జెర్సీని ఇంకెవరూ వేసుకోకుండా యూనివర్సిటీ గౌరవంగా పక్కన పెట్టింది.

నమస్కారం.