"వీడికి బాగాలేదు సార్"

పెద్దలకు, మిత్రులకు, వెనక వరసల్లో కూర్చున్న విద్యార్థులకు నమస్కారం. నాకిచ్చిన అంశం "మహావానరాల ప్రవర్తన, ఆరోగ్యం: ఒక పరిచయం". చింపాంజీ, బొనొబో, గొరిల్లా, ఒరాంగుటాన్ నాలుగింటి గురించీ తలా కాసేపు మాట్లాడదామని కాగితాలు రాసుకొచ్చాను. వాటిని తర్వాత తీస్తాను. ముందు ఒక్క చింపాంజీ గురించి చెప్పనివ్వండి.

నేను పశువైద్యుణ్ణి. ఉద్యోగం కొత్తలో ఒక జూలో పనిచేశాను. అక్కడ ముప్ఫై ఏళ్లు దాటిన మగ చింపాంజీ ఉండేది. అది పిల్లగా వచ్చిన రోజు నుంచీ దాన్ని చూసుకుంటున్న పెద్దాయన ఒకరుండేవారు. ఒకరోజు పొద్దున్నే నా గదికొచ్చి, "సార్, నేను గొళ్లెం తీసే చప్పుడు వినగానే లేచొచ్చేవాడు. రెండు రోజులుగా కూర్చున్నచోటి నుంచే చూస్తున్నాడు. వీడికి బాగాలేదు" అన్నారు.

వెళ్లి చూశాను. మేత తింటోంది. దగ్గు లేదు, విరేచనాలు లేవు. రికార్డులో "సాధారణం" అని రాశాను. మర్నాడు మళ్లీ వచ్చారు. ఆ మర్నాడూ వచ్చారు. "తింటోంది కదా పెద్దాయనా, మీరు ఊరికే టెన్షన్ పడుతున్నారు" అన్నాను. మొదటిసారి వచ్చిన తొమ్మిదో రోజు తెల్లవారేసరికి అది చనిపోయి ఉంది. పోస్ట్‌మార్టం నేనే చేశాను. గుండె కండరంలో ఎక్కడ చూసినా తెల్లటి పీచు చారలు.

బందిఖానాలో పెరిగే మహావానరాల్లో గుండె జబ్బు చావుకు పెద్ద కారణమని ఇప్పుడు బాగా తెలుసు. మనకు ఎక్కువగా వచ్చేది రక్తనాళాలు పూడుకుపోయే జబ్బు. చింపాంజీల్లో అది అరుదు. వాటి గుండె కండరంలోనే పీచు పెరుగుతుంది. పైకి ఏమీ కనిపించదు, ఒకరోజు హఠాత్తుగా కూలిపోతాయి. ఏమీ కనిపించలేదని నేనన్నాను. ఆయనకు మాత్రం కనిపించింది.

మా ఇద్దరి మాటల్లో తేడా గమనించారా? నేను "అది" అన్నాను. ఆయన "వీడు" అన్నారు. మన వ్యాకరణం జంతువుకు "అది" అనే అంటుంది, తప్పులేదు. కానీ మేపేవాళ్లు ఎవరూ అలా అనరు. చింపాంజీల పరిశోధకురాలు జేన్ గుడాల్ 1960లో టాంజానియాలోని గోంబే అడవికి వెళ్లి, చింపాంజీలకు నంబర్లు కాకుండా పేర్లు పెట్టారు. శాస్త్రానికి ఇది పనికిరాదని పెద్దలు ఆక్షేపించారు. "అతడు", "ఆమె" అని ఆవిడ పరిశోధన వ్యాసంలో రాస్తే శాస్త్ర పత్రిక వాళ్లు "అది" అని దిద్దారు. ఆవిడ ఒప్పుకోలేదు. ఫ్లో అనే తల్లి 1972లో చనిపోయాక, ఎనిమిదేళ్ల కొడుకు ఫ్లింట్ తిండి మానేసి, కొద్ది వారాల్లోనే తానూ పోయాడు. నంబర్లే పెట్టుకుని ఉంటే ఈ కథను ఎవరు గుర్తుపట్టేవారు?

ఇక స్వభావం సంగతి. 1997లో జేమ్స్ కింగ్, ఆరేలియో ఫిగరేడో అనే పరిశోధకులు జూలలోని 100 చింపాంజీల స్వభావాన్ని 43 లక్షణాలతో అంచనా వేయించారు. వేసినవాళ్లు ఎవరనుకుంటున్నారు? రోజూ వాటి మధ్య తిరిగే కీపర్లు, వలంటీర్లు. వేర్వేరు మనుషులు ఒకే జంతువు గురించి చెప్పిన మాటలు చాలావరకు కలిశాయి. మనుషుల్లో కనిపించే ఐదు స్వభావ కోణాలతో పాటు, పెత్తనం అనే ఆరోదీ బయటపడింది. తర్వాత అలెగ్జాండర్ వైస్ బృందం ఇదే దారిలో 298 గొరిల్లాలను 18 ఏళ్ల పాటు పరిశీలిస్తే, నలుగురితో కలివిడిగా ఉండేవి ఎక్కువ కాలం బతికాయని తేలింది. స్వభావానికీ ఆయుష్షుకూ ముడి ఉందన్నమాట. ఆ ముడి పట్టుకోవడానికి ఖరీదైన యంత్రమేదీ వాడలేదు. మా పెద్దాయన లాంటివాళ్లను కూర్చోబెట్టి అడిగారు, అంతే. నేను మాత్రం, ఆయన అడక్కుండానే వచ్చి చెబితే వినలేదు.

"గుండె పరీక్ష చేయించవచ్చు కదా" అని మీరు అడగవచ్చు. అందుకు మత్తు ఇవ్వాలి. బలహీనమైన గుండెకు ఆ మత్తే ప్రమాదం. ఇప్పుడు మెలకువగా ఉండగానే గుండెకు అల్ట్రాసౌండ్ తీస్తున్నారు. 2010లో అమెరికాలోని అట్లాంటా జూలో మొదలైన, మహావానరాల గుండె జబ్బుల మీద పనిచేసే గ్రేట్ ఏప్ హార్ట్ ప్రాజెక్ట్ ఇలాంటి వివరాలను చాలా జూల నుంచి సేకరిస్తోంది. రెండు వందల కిలోల గొరిల్లా తనంతట తాను వచ్చి, ఇనప జాలీకి ఛాతీ ఆనించి కదలకుండా నిలబడుతుంది. దానికి నెలల తరబడి ఓపిగ్గా ఆ అలవాటు నేర్పేది మళ్లీ కీపరే. ఇష్టం లేకపోతే అది వెళ్లిపోవచ్చు. నమ్మకం లేని మనిషి పిలిస్తే రాదు.

సమయం అయిపోయిందని చీటీ వచ్చింది. ఒరాంగుటాన్ల దగ్గరికి రాలేకపోయాను, మన్నించండి. ఇంకొక్క మాట.

ఆ తర్వాత నేను పనిచేసిన ప్రతిచోటా రికార్డులో "కీపర్ ఏమన్నారు" అని ఒక గడి పెట్టించాను. ఆ గడిలో డాక్టరు రాయకూడదు. కీపర్ చెప్పింది చెప్పినట్టే రాయాలి. "అలిగాడు", "నా మొహం చూడట్లేదు" అన్నా సరే, దాన్ని శాస్త్ర భాషలోకి మార్చకూడదు. చాలామంది దీన్ని అనవసరపు పని అన్నారు. ఇప్పటికీ అంటున్నారు.

పెద్దాయన రిటైరయ్యే రోజున ఆ గడి ఉన్న రికార్డు ఆయనకు చూపించాను. చదివించుకుని విన్నారు. "వాడప్పుడు ఎడమ చెయ్యి కూడా సరిగ్గా ఎత్తేవాడు కాదు సార్, అదీ రాయండి" అన్నారు. పన్నెండేళ్ల తర్వాత, పాత ఫైలు వెతికించి, ఆ మాట చేర్చాను.

మీలో జూలలో పనిచేసేవాళ్లు ఉంటే ఒక్కసారి చేతులెత్తండి. సభ అయ్యాక వెళ్లిపోకండి. మీతో విడిగా మాట్లాడాలి.