ఎవరు పాపం చేశారు?

(సికింద్రాబాద్‌లో, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల కూడికలో చేసిన ప్రసంగం)

పాస్టర్ అయ్యగారికి, అమ్మగారికి, సంఘ పెద్దలకు, వచ్చిన అందరికీ ప్రభువు పేరట వందనాలు. నాకిచ్చింది పది నిమిషాలు. వందనాలకే ఒకటి పోయింది.

అంశం 'శ్రమల్లో దేవుని పాత్ర'. పాతకాలపు క్రైస్తవ వేదాంతి అగస్టీనుతో మొదలుపెడదామని రాసుకొచ్చాను. వెలుగు లేకపోతే చీకటి అన్నట్టు, మంచి లోపించడమే చెడు అన్నాడాయన. మంచి మాటే. కానీ బిడ్డ శవపెట్టె పక్కన కూర్చున్న తల్లి ఆ మాటను ఏం చేసుకుంటుంది? ఈ కాగితం మడిచేస్తున్నాను.

మా తమ్ముడు రెండేళ్లు డయాలసిస్ మీద ఉండి 42 ఏళ్లకే పోయాడు. మూడో రోజు ప్రార్థనకు ఒకాయన వచ్చాడు. ఈ సంఘం ఆయన కాదులెండి, అటూ ఇటూ చూడకండి. మా అమ్మతో అన్నాడు: "ఇంట్లో ఒప్పుకోని పాపం ఏమైనా ఉందేమో, పరీక్షించుకోండమ్మా."

అని, టీ తాగి వెళ్లిపోయాడు. ఆ రాత్రి నుంచి అమ్మ ఒక పాత డైరీలో తన పాపాలు రాయడం మొదలుపెట్టింది. డెబ్బై ఏళ్ల మనిషి! ఏ నెలలో కానుక తగ్గించింది, అత్తగారికి ఎప్పుడు ఎదురు చెప్పింది, పక్కింటి చెట్టు కరివేపాకు అడక్కుండా ఎప్పుడు కోసింది... అన్నీ.

యోహాను 9 తీయండి. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగిందీ ఇదే. ఎవరు పాపం చేశారు, వీడా, వీడి అమ్మానాన్నలా? ఎవరూ కాదన్నాడు ప్రభువు. లూకా 13లో సిలోయము గోపురం కూలి 18 మంది చనిపోయారు. వాళ్లు మిగతావాళ్ల కంటే పాపులా? కాదన్నాడు. ఆ వెంటనే మారుమనస్సు మాట ఉంది, నిజమే. అది వింటున్నవాళ్లకు.

మన ఊరి సంగతే చూడండి. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి వేలమందిని తీసుకుపోయింది. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది బతికారు. చెట్టు మీదవాళ్లు నీతిమంతులు, నీళ్లలో పోయినవాళ్లు పాపులు అనేవాళ్లు ఈ హాల్లో ఉన్నారా? చెయ్యెత్తండి. ఎత్తరు. ఇక్కడ ఎత్తరు, చావింట్లో మాత్రం అనేస్తారు!

బిడ్డల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నోరెత్తకుండా నేలమీద కూర్చున్నారు. అంతవరకూ బాగానే ఉన్నారు. తర్వాత నోరు తెరిచారు. చివరికి దేవునికి కోపం వచ్చింది ఆయన తరఫున వకాల్తా పుచ్చుకున్న వీళ్ల మీదే. పోనీ, యోబుకైనా ఎందుకో చెప్పాడా? యోబు గ్రంథం 42 అధ్యాయాలూ వెతకండి. చనిపోయిన లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా, ప్రభువు మొదట ఏడ్చాడు.

అయ్యగారు వాచీ చూస్తున్నారు. ఒక్క నిమిషం.

ఆ కరివేపాకు చెట్టు వాళ్లావిడ రోజూ సాయంత్రం వచ్చి, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ అమ్మ పక్కన కూర్చునేది. ఏమీ మాట్లాడేది కాదు. ఒకరోజు అమ్మ డైరీ తెరిచి, ఏడుస్తూ ఆవిడ దగ్గర ఒప్పుకుంది.

"నేనప్పుడే కిటికీలోంచి చూశాను పిన్నిగారూ," అందావిడ. "రెబ్బలు కోస్తే ఊరుకుందును, కొమ్మే విరిచేశారు."

అమ్మ నవ్వింది. తమ్ముడు పోయాక అదే మొదటిసారి. నన్ను పెన్ను అడిగి, ఆ లైను కొట్టేసింది. మిగతావి అలాగే ఉన్నాయి, డైరీ నా దగ్గరే ఉంది.