ఫైనల్ రైటింగ్ ఎగ్జామ్‌కి ముందు ఒక్కసారి అన్నీ తిరగేసుకుందాం

అందరూ కూర్చున్నారా, వెనక బెంచీల వాళ్ళకి వినిపిస్తోందా? సరే. ఎగ్జామ్ దగ్గర పడింది కాబట్టి ఈరోజు కొత్త పాఠం ఏమీ లేదు, సెమిస్టర్ అంతా చేసినదాంట్లో హాల్లో కూర్చున్నాక నిజంగా పనికొచ్చేవి ఏవో అవి మాట్లాడుకుందాం. ముందే చెప్పేస్తున్నా, గ్రామర్ రూల్స్ మొదటి పేజీ నుంచి బట్టీ పట్టే టైం కాదిది. ఎక్కువమందికి మార్కులు పోయేది ప్రశ్న సరిగ్గా చదవకపోవడం దగ్గర, ఆ తర్వాత చెప్పాల్సిన మాట ఏంటో తేల్చుకోకుండా రాయడం మొదలెట్టేయడం దగ్గర.

ప్రశ్నలో క్రియ కింద గీత గీసుకోండి. వివరించమన్నాడా, పోల్చమన్నాడా, విశ్లేషించమన్నాడా, మీ వాదన చెప్పమన్నాడా? వాదన అడిగితే చాలామంది వివరణ రాసి వచ్చేస్తారు, భాష బాగుంటుంది, తప్పులు ఉండవు, కానీ అడిగింది ఒకటి రాసింది ఇంకొకటి. పోల్చమంటే మొదటి రెండు పేజీలు ఒకదాని గురించి, తర్వాతి రెండు పేజీలు ఇంకోదాని గురించి రాసి ఆపేస్తారు, రెండిటినీ పక్కపక్కన పెట్టి చూసే పని దిద్దేవాళ్ళకి వదిలేస్తారు.

ఇప్పుడు థీసిస్ సంగతి, అంటే వ్యాసం మొత్తం నిలబెట్టాల్సిన ఆ ఒక్క వాక్యం, మీ అసలు వాదన. ఒక ప్రశ్న తీసుకుందాం: గ్రూప్ ప్రాజెక్టులో అందరికీ ఒకే మార్కు ఇవ్వడం న్యాయమేనా? దీనికి మామూలుగా వచ్చే మొదటి వాక్యం ఏంటో మీకూ తెలుసు, "గ్రూప్ ప్రాజెక్టుల వల్ల లాభాలూ ఉన్నాయి, నష్టాలూ ఉన్నాయి." కాదనేవాడు ఎవడన్నా ఉంటాడా అసలు? ఎవరూ కాదనలేని వాక్యం మీద నాలుగు పేజీల వాదన నిలబడదు. దాన్ని ఇలా మార్చి చూడండి: "అందరికీ ఒకే మార్కు వేస్తే పని చేసినవాళ్ళకి అన్యాయం జరుగుతుంది కాబట్టి, ప్రాజెక్టు మొత్తానికి కొంత మార్కు, ఎవరు చేసిన భాగానికి వాళ్ళకి విడిగా కొంత మార్కు ఉండాలి." ఇప్పుడు దీంతో గొడవ పడొచ్చు, ఒప్పుకోనివాళ్ళు ఉంటారు, పైగా తర్వాతి పేరాల్లో ఏం రావాలో కూడా ఇందులోనే ఉంది: అన్యాయం ఎలా జరుగుతుంది అన్నది ఒకటి, విడిగా మార్కు ఎలా వేస్తారు అన్నది ఇంకొకటి.

పేరా దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే నేను దిద్దే పేపర్లలో అసలు బలహీనత ఇక్కడే కనిపిస్తుంది. ఇలాంటి పేరా చూడండి: "ఒకే మార్కు ఇవ్వడం వల్ల చాలా నష్టం ఉంది. విద్యార్థులు నిరుత్సాహపడతారు. వాళ్ళకి చదువు మీద ఆసక్తి తగ్గుతుంది. కాబట్టి ఇది సరైన పద్ధతి కాదు." నాలుగు వాక్యాలున్నాయి గానీ విషయం ఒక్క అడుగు కూడా ముందుకు కదల్లేదు. ఎవరు నిరుత్సాహపడతారు, ఎందుకు, ఎలా తెలుసు? అదే పేరాని ఇలా రాయండి: "నలుగురున్న గ్రూపులో ఒకరు సర్వే చేసి, లెక్కలు వేసి, రిపోర్టు రాస్తే, ఇంకొకరు చివరి రోజున స్లైడ్ల రంగులు మార్చారు అనుకుందాం. ఇద్దరికీ ఒకటే మార్కు వచ్చింది. ఆ మార్కు చూసి ఎవరికి సర్వే చేయడం వచ్చో టీచర్ చెప్పలేరు. మార్కు ఉన్నదే ఒక విద్యార్థి ఏం నేర్చుకున్నాడో చెప్పడానికి కాబట్టి, ఆ పని చేయని మార్కు ఇద్దరికీ తప్పు సమాచారమే ఇస్తోంది."

ఆ చివరి వాక్యం చూశారా? "మార్కు ఉన్నదే ఇందుకు" అన్న ముక్క. స్టీఫెన్ టూల్మిన్ అనే బ్రిటిష్ తత్వవేత్త 1958లో వాదనని విడదీసి చూపించాడు, మీరు అనే మాట ఒకటి, దానికి ఆధారం ఒకటి, ఆ ఆధారం ఈ మాటకి ఎలా సరిపోతుందో చెప్పే లంకె ఇంకొకటి, ఆయన దాన్ని వారంట్ అన్నాడు. పైన ఆ ముక్క చేసిన పని ఈ లంకె పనే. మనవాళ్ళు మొదటి రెండూ రాస్తారు, లంకె రాయరు, చదివేవాళ్ళకి అదే అర్థమవుతుందిలే అనుకుంటారు. ప్రతి ఉదాహరణ తర్వాత "అయితే ఏంటి?" అని మీకు మీరే ఒకసారి అడుక్కోండి, దానికి జవాబు రాసేదాకా తర్వాతి పేరాకి వెళ్ళొద్దు.

ఎదుటివాళ్ళ వాదన కూడా కావాలి, కానీ చేతకాని వాదనని తెచ్చి పడగొడితే లాభం లేదు. "ఉద్యోగంలో కూడా టీం మొత్తం కలిసే గెలుస్తుంది, కలిసే ఓడుతుంది, అది ఇక్కడే అలవాటవ్వాలి" అంటారు వాళ్ళు, నిజంగా గట్టి మాటే అది. దానికి మీ జవాబు ఏంటి? ఉద్యోగంలో ఎవరు ఏం చేశారో చూసే మేనేజర్ ఒకరు ఉంటారు, గ్రూప్ ప్రాజెక్టులో చాలాసార్లు ఆ చూసే మనిషి ఉండరు అనొచ్చు. కొంత ఒప్పుకుని, ఎక్కడ ఒప్పుకోరో చెప్పండి, చాలు.

ముందుమాట, ముగింపు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. "ఆదిమానవుడి కాలం నుంచి" అని మాత్రం మొదలెట్టకండి దయచేసి.

చదవడానికి ప్యాసేజ్ ఇస్తే ఒక జాగ్రత్త. వాక్యం నిర్మాణం అలాగే ఉంచి నాలుగు పదాలకి పర్యాయపదాలు పెడితే అది పారాఫ్రేజ్, అంటే సొంత మాటల్లో చెప్పడం, అవ్వదు, కాపీయే. ప్యాసేజ్ చదివి, దానివైపు చూడకుండా మీ మాటల్లో రాసి, తర్వాత అర్థం మారిందేమో సరిచూసుకోండి, అప్పుడు కూడా ఆ ఆలోచన ఎవరిదో చెప్పాలి.

ఇక తిరిగి చూసుకోవడం. నాన్సీ సోమర్స్ అని ఒక పరిశోధకురాలు 1980లో విద్యార్థుల్నీ, అనుభవం ఉన్న రచయితల్నీ పక్కపక్కన పెట్టి చూశారు. విద్యార్థులు ఎక్కువగా పదాలు మార్చారు, అనుభవజ్ఞులు తమ వాదనకి ఆకారం కుదిరిందా లేదా అని వెతుక్కున్నారు. మీకున్నది గంటన్నర అనుకుంటే మొదటి పదిహేను నిమిషాలు ప్లాన్‌కి ఇచ్చేయండి, ఆకారం అక్కడే కుదరాలి, ఎందుకంటే చివర్లో పేరాలు అటూ ఇటూ మార్చే టైం ఉండదు. చివరి పది నిమిషాలు మాత్రం పదాలకీ, కామాలకీ.

ఆ పది నిమిషాల్లో అన్ని తప్పులూ వెతకలేరు, మీ తప్పులు వెతకండి. 1988లో అమెరికాలో కానర్స్, లన్స్‌ఫర్డ్ అనే ఇద్దరు, 3000 కాలేజీ పేపర్ల మీద ఒక లెక్క తీశారు, అందులో ఎక్కువగా దొరికిన తప్పుల్లో రెండోది, సర్వనామం దేన్ని సూచిస్తుందో తెలియకపోవడం. మన పేపర్లలోనూ అంతే, "ఇది చాలా ముఖ్యం" అంటారు, ఏది ముఖ్యం? పైన మూడు విషయాలు ఉంటాయి. ప్రతి "ఇది", "అది", "వాళ్ళు" మీద వేలు పెట్టి ఎవరు, ఏది అని అడగండి. ఇంకా మీకు తిరిగిచ్చిన పాత పేపర్లు ఇంటికెళ్ళి బయటికి తీయండి, ఎర్ర ఇంకుతో మళ్ళీ మళ్ళీ గుర్తు పెట్టినవి మూడు ఏరుకుని ఒక చీటీ మీద రాసుకోండి, చీటీ హాల్లోకి తేవద్దు, గుర్తుంచుకుని రండి.

సరే, పెన్నులు తీయండి. ప్రశ్న ఇది: క్లాసుకి హాజరు తప్పనిసరి చేయాలా, వద్దా? వ్యాసం వద్దు, పది నిమిషాల్లో ఒక థీసిస్, దాని కింద రెండు ఆధారాలు, ఒక్కోదానికి లంకె, ఎదుటివాళ్ళ గట్టి మాట ఒకటి. రాశాక పక్కవాళ్ళకి ఇవ్వండి, లంకె ఎక్కడ లేదో వాళ్ళు గుర్తు పెడతారు.