తలకు ఆది ఎక్కడిది?

అందరికీ నమస్కారం. మనం జాకెట్టు కుట్టాలంటే ముందు ఆది జాకెట్టు అడుగుతాం. హుడీ, అంటే తలను కప్పే టోపీ (హుడ్) కలిసి ఉన్న చొక్కా, కుట్టమని వస్తే తలకు ఆది ఎవరిస్తారు? కొలవాల్సిందే.

మొదటిసారి నేను హుడ్ కాగితం మీద గీసి కోశాను. కుట్టేటప్పుడు చూస్తే మెడ కంటే హుడ్ 3 సెంటీమీటర్లు తక్కువ. లాగి అతికిస్తే మెడ చుట్టూ ముడతలు. గుడ్డంతా పాడైంది, చాలా బాధపడ్డాను. తప్పు కోతలో కాదు, డ్రాఫ్టింగ్‌లోనే, అంటే కొలతలతో గీయడంలోనే జరిగింది. మెడ లోతు పెంచాను కానీ హుడ్ అడుగు గీత మార్చలేదు.

అందుకే ఇప్పుడు సీమ్లీ2డి వాడుతున్నాను. 2013లో మొదలైన వాలెంటీనా అనే ప్రాజెక్టు నుంచి విడిపోయి వచ్చిన సాఫ్ట్‌వేర్ ఇది, ఉచితం. కొలతలు ఒక ఫైల్లో ఉంటాయి, డ్రాఫ్ట్ ఇంకో ఫైల్లో. నాకు నచ్చింది ఏమిటంటే, గీసిన ప్రతి వంపు పొడవూ అదే లెక్కగట్టి పెట్టుకుంటుంది. హుడ్ అడుగును రెండు గీతలుగా గీస్తాను. మొదటిదాని పొడవుకు అంకె వేయను, వెనక మెడ వంపు పేరు ఇస్తాను. రెండోదానికి ముందు మెడ వంపు పేరు. రేపు మెడ లోతు మార్చినా హుడ్ తనంతట తానే సరిపోతుంది. మూల దగ్గర గీతను కాస్త గుండ్రం చేస్తే మాత్రం పొడవు కొంచెం తగ్గుతుంది, మళ్లీ చూసుకోవాలి.

ఎత్తు కోసం ముందు మెడ గుంట నుంచి నడినెత్తి మీదుగా తిరిగి అదే గుంట దాకా, టేపు వదులుగా పట్టి కొలిచి సగం చేయండి. వెడల్పుకు ఒక కణత నుంచి తల వెనకగా రెండో కణత దాకా కొలిచి సగం, దానికి కొంత లూజు. జుట్టు ముడి వేసుకునేవాళ్లకు ముడితో సహా కొలవాలి. ఇది మన ఆడవాళ్ల విషయంలో చాలా ముఖ్యం.

ప్రింటు ఏ4 కాగితాల మీద వస్తుంది. సైజు 100 శాతం పెట్టండి. డ్రాఫ్ట్‌లో 10 సెంటీమీటర్ల చదరం ఒకటి గీసి ఉంచి, ప్రింటులో స్కేలుతో కొలవండి. తర్వాత పాత బనియన్ గుడ్డతో ఒకసారి కుట్టి చూడండి.

సాగే గుడ్డకు మొన గుండ్రంగా ఉండే బాల్‌పాయింట్ సూది, సన్నటి జిగ్‌జాగ్ కుట్టు. హుడ్ నడిమి కుట్టును వెనక మెడ నడిమికి ముందు పిన్ను చేసి, అక్కణ్ణుంచి భుజాల వైపు రండి. హుడ్ బరువంతా వెనక మెడ మీదే పడుతుంది, అక్కడ లోపల కాటన్ టేపు వేయండి.

ఇప్పుడు ఇద్దరిద్దరుగా కూర్చుని టేపులు తీయండి. ముడి ఉన్నవాళ్లు విప్పకండి.