తాతగారి తుపాకీ ఎవరిది? – ఫోన్-ఇన్ కార్యక్రమం పాఠం

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. ఇళ్లలో తరాలుగా ఉండిపోయిన పాత సైనిక తుపాకులను వారసులు చట్టప్రకారం ఎలా పొందాలి, ఎలా భద్రపరచాలి అన్న సందేహాలకు ఆయుధ చట్టం కేసులు వాదించే న్యాయవాది ఈ రోజు సమాధానాలు ఇస్తారు. మొదటి శ్రోత హనుమకొండ నుంచి మాట్లాడుతున్నారు.

శ్రోత: నమస్కారం సార్. మా తాతగారు నిజాం సైన్యంలో పనిచేశారు. పరకాల దగ్గరున్న పాత ఇంటిని అన్నదమ్ములం పంచుకుంటున్నప్పుడు అటక మీది పెట్టెలో ఒక పొడవాటి తుపాకీ దొరికింది. గుర్రం, అంటే కొట్టి పేల్చే మీట, దాని వెనుక పలక మీద కిరీటం, దాని కింద వి.ఆర్. అనే అక్షరాలు, ముందు వైపు 1859 అనే అంకె, టవర్ అనే మాట ఉన్నాయి. 1948లో పోలీసు చర్య జరిగిన రోజుల్లో తాతగారే నిప్పు పుట్టించే క్యాప్ పెట్టే చోట రంధ్రాన్ని సీసంతో మూయించారని మా నాయన చెప్పేవారు. కాబట్టి అది పనిచేయని తుపాకీయే. తుప్పు గీకించి, నల్లరంగు ఎక్కించి, హాల్లో అద్దాల పెట్టెలో పెట్టాలనుకుంటున్నాము.

న్యాయవాది: ఆగండి. ఇప్పటికే ఎవరికైనా ఇచ్చి గీకించారా?

శ్రోత: లేదు సార్. తెలిసిన వెల్డింగు షాపతను ఉన్నాడు. గొట్టం మూతిని కూడా వెల్డింగు చేసి మూసేస్తే ఇక ఏ అనుమానమూ ఉండదు కదా అని అడుగుతున్నాను.

న్యాయవాది: ఆ పని చేయించకండి. మీరు చెప్పిన గుర్తులను బట్టి అది మూతి నుంచి మందు కూరే తుపాకీ, అంటే మన ఊళ్లలో భర్మారు అనే రకం. అటువంటి తుపాకులు దశాబ్దాల తరువాత కూడా లోపల మందు, గుండు కూరి ఉన్న స్థితిలో దొరుకుతుంటాయి. తుపాకీ మందు పొడిగా ఉన్నంతకాలం దాని శక్తి పోదు. దానిపై వెల్డింగు నిప్పు పడితే ఏమవుతుందో నేను చెప్పనక్కరలేదు. సీసం మూత మందును లోపలే ఉంచి ఉండవచ్చు కానీ, మందు లేదని హామీ ఇవ్వదు.

శ్రోత: కానీ సార్, వందేళ్లు దాటిన వస్తువుకు లైసెన్సు అక్కరలేదని మా బామ్మర్ది అన్నాడు.

న్యాయవాది: ఇదే మాట నాకు నెలకోసారి వినబడుతుంది. 1959 నాటి ఆయుధ చట్టం 45వ సెక్షన్ వయసును ఒక్కదాన్నే చూడదు. పాతకాలపు నమూనాది గానీ, పురాతన విలువ కలది గానీ, పాడైపోయినది గానీ అయి, మరమ్మతు చేసినా చేయకపోయినా తుపాకీగా ఉపయోగపడని ఆయుధానికి మాత్రమే ఆ మినహాయింపు ఉంది. మరమ్మతు చేసినా అన్న మాటను గుర్తుంచుకోండి. సీసం కరిగించి తీయడం గంట పని. గంట పనితో పేలే తుపాకీ చట్టం దృష్టిలో తుపాకీయే. ఆ ముద్రలను కూడా నమ్మకండి, ఎందుకంటే టవర్ అని చెక్కిన నకిలీలు చాలా తయారయ్యాయి. అది 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ అనే బ్రిటిష్ సైనిక తుపాకీ కావచ్చు, దాని నకలు కావచ్చు. చూసినవారే చెప్పాలి.

శ్రోత: మరి నేనేమి చేయాలి? స్టేషనుకు తీసుకువెళ్లమంటారా?

న్యాయవాది: బస్సులో చంకన పెట్టుకుని వెళ్లమని నేను అనడం లేదు. లైసెన్సు లేని ఆయుధాన్ని ఇంటి నుంచి కదిలించడం ఇంకో చిక్కు. ముందు ఒక న్యాయవాదిని వెంటబెట్టుకుని, ఎక్కడ, ఎప్పుడు, ఎవరి సమక్షంలో దొరికిందో రాసిన ఉత్తరాన్ని స్టేషనులో ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోండి. పోలీసులు వచ్చి స్వాధీనపరచుకుని నిపుణులచేత పరీక్ష చేయిస్తారు. దాచిపెట్టినందుకు పడే శిక్ష రెండేళ్ల నుంచి అయిదేళ్ల వరకు ఉంటుంది. తానుగా చెప్పుకున్నవారి పరిస్థితి పట్టుబడినవారి పరిస్థితి కంటే ఎప్పుడూ మెరుగే.

శ్రోత: అంటే తుప్పు కూడా గీకించకూడదా సార్?

న్యాయవాది: మళ్లీ అక్కడికే వచ్చారు. లైసెన్సు లేనివాడు తుపాకీకి మరమ్మతు చేస్తే, 2019 సవరణ తరువాత కనీస శిక్ష ఏడేళ్లు. యావజ్జీవం వరకు పోవచ్చు. మీ వెల్డింగు షాపతని భార్యాపిల్లలను తలుచుకోండి. మినహాయింపు ఉందని రాతపూర్వకంగా వచ్చి, ఖాళీ అని తేలి, వస్తువు మీ చేతికి వచ్చిన తరువాత కూడా మీరు చేసేది రక్షణే గానీ మరమ్మతు కాదు. ఇనుప బ్రష్షు, గరుకు కాగితం, యాసిడ్ వాడితే ఆ ముద్రలే అరిగిపోతాయి. ఇత్తడి భాగాలను మెరిపించే పాలిష్ కూడా లోహాన్ని తింటుంది. పలుచని యంత్ర నూనె, మెత్తని గుడ్డ, చేతి చెమట అంటకుండా తొడుగులు చాలు. నిశ్చలంగా ఉన్న గోధుమరంగు పొరను తీయకండి, అది లోహానికి కవచం. పొడిగా రాలే ఎర్ర తుప్పునే తీయాలి. చెక్కకు మైనం పూయవచ్చు. వానాకాలంలో తోలు సంచిలో పెట్టి మరిచిపోయిన తుపాకీకంటే గాలి తగిలే పెట్టెలోది మేలు. నల్లరంగు ఎక్కించిన రోజు దాని చరిత్ర సగం పోతుంది.

వ్యాఖ్యాత: ధన్యవాదాలు. జగిత్యాల నుంచి మరో శ్రోత ఉన్నారు.

శ్రోత: నమస్తే సార్. మావారు పోయి నాలుగు నెలలైంది. ఆయన పేరు మీద లైసెన్సు ఉన్న పన్నెండు బోరు తుపాకీ బీరువాలోనే ఉంది. అది ఆయన తండ్రిగారిది. మాకు కొడుకు లేడు, బిడ్డ ఒక్కతే. ఆమె పేరు మీద ఇస్తారా?

న్యాయవాది: అమ్మా, ఇస్తారు. బిడ్డ కూడా చట్టప్రకారం వారసురాలే. కానీ లైసెన్సు ఆయనతోనే ముగిసింది. 21వ సెక్షన్ ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గరి స్టేషనులో గానీ, లైసెన్సు ఉన్న డీలరు దగ్గర గానీ డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి. డిపాజిట్ చేస్తే మీ హక్కు పోదు, భయపడకండి. తరువాత మరణ ధ్రువపత్రం, వారసత్వ ధ్రువపత్రం, మీరు అభ్యంతరం లేదని రాసిన అఫిడవిట్ జతచేసి, 2016 నాటి ఆయుధ నిబంధనల్లోని 25వ నిబంధన కింద మీ బిడ్డ దరఖాస్తు చేయాలి. ఆమెపై పోలీసు విచారణ జరుగుతుంది. లైసెన్సు వస్తే అయిదేళ్లు ఉంటుంది. ఆమె వద్దనుకుంటే డీలరుకు అమ్ముకోవచ్చు. రేపే వెళ్లండమ్మా.

శ్రోత: రేపే వెళ్తాను సార్. మా మరిదిని తీసుకువెళ్తాను.

వ్యాఖ్యాత: కరీంనగర్ నుంచి.

శ్రోత: సార్, మా అబ్బాయి లండన్‌లో ఉంటాడు. పనిచేయకుండా చేసి, తుపాకులను పరీక్షించే అక్కడి సంస్థ ప్రూఫ్ హౌస్ పత్రం ఇచ్చిన పాత రైఫిలు కొన్నాడు. విమానంలో తేవచ్చా?

న్యాయవాది: ఆ పత్రం అక్కడి చట్టానికి. ఇక్కడ ఆయుధాల దిగుమతికి 10వ సెక్షన్ కింద లైసెన్సు కావాలి, కస్టమ్స్ విడిగా చూస్తుంది. ముందు అనుమతి, తరువాతే ప్రయాణం.

వ్యాఖ్యాత: నిర్మల్ నుంచి చివరి శ్రోత. దయచేసి క్లుప్తంగా అడగండి.

శ్రోత: నా పేరు మీద రెండు తుపాకులకు లైసెన్సు ఉంది. మా బాబాయి తుపాకీ కూడా వారసత్వంగా నాకు వస్తే మూడు అవుతాయి. అయితే అందులో ఒకటి...

న్యాయవాది: వారసత్వమైనా రెండుకు మించకూడదు. 2019లోనే ఆ పరిమితి మూడు నుంచి రెండుకు తగ్గింది. ఒకదాన్ని వదులుకోండి, లేదా బాబాయి తుపాకీకి మీ తమ్ముడిచేత దరఖాస్తు చేయించండి.

శ్రోత: అయితే సార్, ఆ మూడోది కూడా తుప్పు పట్టిందే, దాన్ని...

వ్యాఖ్యాత: సమయం ముగిసింది. న్యాయవాదిగారికి, శ్రోతలకు ధన్యవాదాలు.