పీపాలో ఉన్న వైన్‌కు ముందే డబ్బు కట్టవచ్చా? బోర్డో 2024 ముందస్తు అమ్మకాలపై నా రివ్యూ

నమస్కారం. నా ముందు బల్ల మీద రెండు కాగితాలు ఉన్నాయి. ఒకటి, ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు 2024 పంట వైన్‌కు ఇక్కడ లండన్‌లో ఒక వర్తకుడు పంపిన ధరల పట్టిక. రెండోది, 2011లో నేను కట్టిన బిల్లు. అది 2010 పంట, పన్నెండు సీసాల పెట్టె. సరుకు 2013లో వచ్చింది. మరో అయిదేళ్లకు అదే వైన్ ఇదే ఊళ్లో నేను కట్టిన దానికన్నా తక్కువకు దొరికింది. గోదాము అద్దె అదనం. ఆ బిల్లును నేను ఇప్పటికీ పారేయలేదు.

ఈ పద్ధతిని ఫ్రెంచివారు 'ఆన్ ప్రిమర్' అంటారు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ద్రాక్ష కోస్తారు. మరుసటి వసంతంలో, వైన్ ఇంకా 225 లీటర్ల ఓక్ పీపాల్లో ఉండగానే, విమర్శకులకూ వర్తకులకూ రుచి చూపిస్తారు. ఆ తరువాత కొన్ని వారాల్లో ఒక్కో షాటో, అంటే సొంత ద్రాక్షతోటతో వైన్ తయారుచేసే సంస్థ, తన ధర ప్రకటిస్తుంది. మీరు డబ్బు ఇప్పుడు కడతారు, సీసా దాదాపు రెండేళ్ల తరువాత చేతికి వస్తుంది.

మా తాతగారికి నూజివీడు దగ్గర మామిడి తోట ఉండేది. పూత విరగబూసిన ఏడాది వ్యాపారి వచ్చి చెట్ల కింద తిరిగి, కాయ కనిపించకముందే తోటంతా గుత్తకు మాట్లాడుకునేవాడు. గాలివాన వచ్చి పిందె రాలిందంటే నష్టం అతనిదే. అందుకే కాయ కోసే రోజున పలికే ధరకన్నా బాగా తగ్గించి అడిగేవాడు. తాతగారు కాదనేవారు కారు. డబ్బు ముందే వస్తుంది, గాలివాన వస్తుందేమోనన్న బెంగ ఉండదు. బోర్డోలో జరిగేదీ పూత మీద బేరమే. ఇక్కడా నష్టభయం కొనేవాడిదే. కానీ దానికి బదులుగా రావలసిన తగ్గింపు మాత్రం కొన్నేళ్లుగా సరిగా రావడం లేదు. నా రివ్యూ అంతా ఈ ఒక్క విషయం మీదే.

షాటో నేరుగా మనకు అమ్మదు. కూర్తియే అనే మధ్యవర్తి 2 శాతం కమీషన్ తీసుకుని బేరం కుదురుస్తాడు. నెగోసియాన్ అనే టోకు వర్తకుడు సరుకు కొంటాడు. అతని దగ్గర దిగుమతిదారులు కొంటారు, వారి దగ్గర మనం. ఈ గొలుసులో ఎక్కువ ఇరుకున పడేది నెగోసియాన్. ధర నచ్చలేదని ఒక ఏడాది కొనడం మానేస్తే, మంచి పంట వచ్చిన ఏడాది అతని వాటా పోవచ్చు. ఆ భయంతో కొంటూ పోతాడు. వడ్డీలు తక్కువగా ఉన్నంతకాలం నడిచింది. 2022 నుంచి వడ్డీలు పెరిగాక, గోదాములో కదలని ప్రతి పెట్టె అతనికి భారమే అయింది.

ఇక విమర్శకుల సంగతి. అమెరికాలో న్యాయవాదిగా పనిచేస్తున్న రాబర్ట్ పార్కర్ 1978లో 'వైన్ అడ్వొకేట్' పత్రిక మొదలుపెట్టారు. వైన్‌కు వందకు ఇన్ని అని మార్కులు వేశారు. 1982 పంటను పీపాలో ఉండగానే గొప్పదని గట్టిగా చెప్పారు. కొందరు అనుమానించారు, ఆయన మాటే నిలిచింది. అప్పట్లో నమ్మి కొన్నవారు నిజంగా లాభపడ్డారు. అక్కడి నుంచి షాటోలు ఆయన మార్కులు వచ్చేదాకా ఆగి ధర చెప్పడం అలవాటు చేసుకున్నాయి.

ఆ మార్కుల బరువు ఎంతో కొలిచే అవకాశం ఒకసారి అనుకోకుండా వచ్చింది. 2003 వసంతంలో ఇరాక్ యుద్ధం వల్ల పార్కర్ బోర్డోకు వెళ్లలేదు. 2002 పంటకు షాటోలు ఆయన మార్కులు చూడకుండానే ధరలు ప్రకటించవలసి వచ్చింది. ముగ్గురు ఆర్థికవేత్తలు ఈ పంట ధరలను తరువాతి పంట ధరలతో పోల్చి లెక్కగట్టారు. పార్కర్ ముందుగా రుచి చూడడం వల్ల సీసా ధర మీద పడే బరువు సగటున 3 యూరోలకు కాస్త తక్కువని తేల్చారు. ఇది సగటు అని గుర్తుంచుకోండి. వైన్ అదే, తోట అదే. ఒక్క మనిషి విమానం ఎక్కాడా లేదా అన్నదాన్ని బట్టి ధర మారింది.

పార్కర్ 2019లో విరమించుకున్నారు. ఇప్పుడు అంత బలం ఏ ఒక్కరికీ లేదు. నీల్ మార్టిన్, జేన్ ఆన్సన్, విలియమ్ కెల్లీ, ఇరవైకి మార్కులు వేసే జాన్సిస్ రాబిన్సన్, ఇలా చాలామంది ఉన్నారు. వీరిలో కొందరి రాతలను నేను శ్రద్ధగా చదువుతాను, వారి నిజాయితీ మీద నాకు అనుమానం లేదు. నా అభ్యంతరం ఆ సందర్భం మీద. వైన్ వయసు ఆరు నెలలు. రుచి చూపే నమూనాను ఎంచేది షాటోయే. అది చివరికి సీసాలోకి వెళ్లే మిశ్రమం కాకపోవచ్చు. కొద్ది రోజుల్లో వందల నమూనాలు రుచి చూడాలి. అందుకే '94 నుంచి 96' అంటూ మధ్యలో జాగా వదిలి మార్కులు వేస్తారు. వర్తకుడి ప్రకటనలోకి వచ్చేసరికి అందులో పై అంకె మాత్రమే మిగలడం నేను చాలాసార్లు చూశాను. తక్కువ మార్కులు వేసిన విమర్శకుడి పేరు ఆ ప్రకటనలో కనిపించదు. అందరికన్నా ఎక్కువ వేసినవారి పేరే లావుగా అచ్చవుతుంది. ఏళ్ల తరబడి ఇలా జరిగితే మార్కులు ఎటు జరుగుతాయో మీరే ఊహించండి.

ప్రిన్స్‌టన్ ఆర్థికవేత్త ఓర్లీ ఆషెన్‌ఫెల్టర్ అసలు నాలుక జోలికే పోలేదు. కోతకు ముందటి శీతకాలంలో పడిన వాన, తీగ పెరిగే కాలంలో ఎండ, కోత వేళ వాన, ఈ మూడింటికి వైన్ వయసు కలిపి పాత పంటల ధరలను లెక్కగట్టవచ్చని చూపించారు. విమర్శకులకు కోపం వచ్చింది. నాకు మాత్రం ఆ లెక్క చాలా ఉపయోగపడింది.

ఎందుకంటే 2024 వానల ఏడాది. బూజు తెగులు తీగలను పీడించింది, దిగుబడి బాగా తగ్గింది. మంచి షాటోలు కాయలను ఏరి ఏరి తీసుకుని నెట్టుకొచ్చాయి. వాటి కష్టాన్ని తక్కువ చేయను. కానీ ఇది గొప్ప పంట కాదు. ధరలు కూడా ఆ మాటే చెప్పాయి. పేరున్న షాటోల్లో ఒకటైన లాఫిట్ 2023 పంటను నెగోసియాన్లు సీసా 400 యూరోలకు ఇచ్చారు, అదే అంతకుముందు ఏడాదితో పోలిస్తే పెద్ద తగ్గింపు. 2024 పంటకు ఆ ధర 288 యూరోలకు దిగింది. మరో పెద్ద షాటో మూటాన్ 324 నుంచి 252కు వచ్చింది.

ఇంత తగ్గించారు కదా, కొనవచ్చా? తగ్గింపును గత ఏడాది ధరతో పోల్చి చూడకండి, గత ఏడాది ధరే ఎక్కువ. అదే షాటో పాత పంటలు, 2014 లేదా 2017, ఇప్పుడు సీసాల్లో ఎంతకు దొరుకుతున్నాయో చూడండి. తాగడానికి సిద్ధంగా ఉన్న సీసా ఇదే ధరకు అంగట్లో ఉంటే, రెండేళ్లు డబ్బు ఇరికించుకుని పసి వైన్ కొనడానికి కారణం లేదు. నా పట్టికలోని పద్దెనిమిది పేర్లను ఇలా సరిచూశాను. నాలుగు మాత్రమే నిలిచాయి. బోర్డోలోనే పొమెరోల్ అనే చోట చాలా కొద్దిగా తయారయ్యే వైన్లు, తరువాత దొరకని పెద్ద సీసాలు కావాలంటే అది వేరే విషయం.

వర్తకుడు ఎవరో కూడా చూసుకోండి. కాలిఫోర్నియాలో 'ప్రీమియర్ క్రూ' అనే దుకాణం రాని సరుకుకు ఏళ్ల తరబడి డబ్బు వసూలు చేసి, 2016లో దివాలా తీసింది. యజమాని జైలుకు వెళ్లాడు. కట్టినవారిలో చాలామందికి వైనూ రాలేదు, డబ్బూ రాలేదు.

షాటో లాటూర్ 2012లోనే ఈ ముందస్తు అమ్మకాల పద్ధతి నుంచి బయటికి వచ్చింది. తయారైన వైన్‌ను తన గోదాములోనే ఉంచి, తాగే వయసు వచ్చాక అమ్ముతోంది. ధర తక్కువేమీ కాదు. కానీ నష్టభయాన్ని మోసేది షాటోయే, నాకు అది సమంజసంగా కనిపిస్తుంది.

ఒక మాట చెప్పకపోతే నాకు మనసు ఒప్పదు. మనం మాట్లాడుకుంటున్నది బోర్డోలో కొద్ది షాటోల గురించే. పేరులేని రైతులు అదే జిల్లాలో వేలమంది ఉన్నారు. వైన్ అమ్ముడుపోక, తీగలు పీకేసే రైతుకు హెక్టారుకు 6,000 యూరోలు ఇచ్చే పథకాన్ని 2023లో తెచ్చారు. విమర్శకుల మార్కులు ఆ తోటల దాకా వెళ్లవు. వారి వైన్‌ను నేను పది, పన్నెండు యూరోలకు కొని తాగుతాను, చాలాసార్లు సంతోషపడతాను.

ఇదిగో, ఈ సీసా. షాటో గ్రాండ్ పూయి లాకోస్త్, బోర్డోలోని పోయాక్, 2014 పంట. 2024కు కట్టవలసిన డబ్బుతో దీన్నే ఆరు సీసాలు తీసుకున్నాను. వాసన చూస్తే ముందు దేవదారు చెక్క, వెనకాల నల్లని పండ్లు. నోట్లో పోసుకోగానే బాగా పండిన నేరేడు గుర్తుకొస్తుంది. చివర నాలుక పట్టేసే వగరు ఉంది కానీ, మెత్తబడిన వగరు. పదేళ్లు అది ఇంకొకరి గోదాములో మెత్తబడింది. ఈ రాత్రికి సీసాలో మిగిలింది మా ఆవిడా నేనూ భోజనంతో తాగుతాం.