కచేరీ కోసం కాని వీణ

సభలో ఉన్న అందరికీ నమస్కారం.

ఉద్యోగం, ఇల్లు, పిల్లల చదువులు చూసుకుంటూ నలభై దాటాక వీణ ముందు కూర్చున్నవాళ్లకు బంధువుల దగ్గర్నుంచి తప్పని ప్రశ్న ఒకటి ఉంది: "ఇప్పుడు నేర్చుకుని ఏం చేస్తారు? కచేరీలు ఇస్తారా?" కష్టమంతా ముందు పడాలి, సుఖం ఎప్పుడో చివర దొరుకుతుంది, ఆ చివరిదాకా వెళ్లనివాళ్లకు కష్టమే మిగులుతుంది అన్న లెక్క ఆ ప్రశ్నలో ఉంది. వీణ విషయంలో ఈ లెక్క తప్పని నా గట్టి నమ్మకం. ఇంట్లో తన కోసం వాయించుకునేవాళ్లకు సుఖం మొదటి పాఠాలైన సరళీవరుసలకంటే ముందే, శ్రుతి చేసుకునేటప్పుడే మొదలవుతుంది. అది ఎలా పుడుతుందో, చాలామందికి మధ్యలో ఎందుకు ఆగిపోతుందో ఇవాళ చెబుతాను.

వీణకు ఏడు తీగలు. మెట్ల మీద, అంటే దండి మీద వరసగా అమర్చిన కడ్డీల మీద, నడిచేవి నాలుగు: సారణి, పంచమం, మంద్రం, అనుమంద్రం. పక్కన తాళానికి మూడు. సారణిని షడ్జానికి, రెండో తీగను దాని కింది పంచమానికి, మూడోదాన్ని మంద్ర షడ్జానికి, నాలుగోదాన్ని ఇంకా కింది పంచమానికి కలుపుతాం. తాళపు తీగలు షడ్జం, పంచమం, పై షడ్జం. శ్రుతిపెట్టె పెట్టుకుని సారణిని మీటుతూ, తీగను బిగించే బిరడాను మెల్లగా తిప్పండి. శ్రుతికి దగ్గరపడే కొద్దీ రెండు నాదాల మధ్య ఒక ఊగు వినిపిస్తుంది. రెండింటి పౌనఃపున్యాల మధ్య ఎన్ని హెర్ట్జ్‌ల తేడా ఉంటే సెకనుకు అన్నిసార్లు ఊగుతుంది. తేడా తగ్గుతుంటే ఊగు నెమ్మదిస్తుంది, కలిసిన చోట ఆగిపోతుంది. బిరడాతో దగ్గరదాకా వచ్చి, ఆఖరి వెంట్రుకవాసి తేడాను, తీగల కొసలు కట్టే లంగరు దగ్గరి చిన్న రింగులు జరిపి సరిచేసుకోవాలి. బిరడాతోనే అంతా సాధించాలని చూస్తే తీగ శ్రుతి దాటిపోతుంది, మళ్లీ కిందికి దించాలి, విసుగొస్తుంది.

అన్నీ కలిశాక ఒక పరీక్ష చేయండి. సారణి తీగ మీద చిన్న కాగితం ముక్కను మడిచి వేలాడదీయండి. ఇప్పుడు రెండో తీగను ఐదో మెట్టు మీద నొక్కి మీటండి. అక్కడ పలికేది షడ్జం, అంటే సారణి పలకాల్సిన స్వరమే. శ్రుతి సరిగ్గా ఉంటే ఎవరూ ముట్టుకోని సారణి దానంతట అదే కంపించి కాగితం కదులుతుంది. కాగితం తీసేసి మళ్లీ మీటి, మీటిన తీగను వేలితో ఆపేయండి. సారణి మోగుతూనే ఉంటుంది. దీనికి సంగీత జ్ఞానమేమీ అక్కర్లేదు. మొదటి వారంలోనే ఎవరైనా వినగలరు, విన్నవాళ్ల ముఖం వెలిగిపోతుంది.

వీణ నాదం అంత నిండుగా ఉండటానికి ఒక కారణం తీగలను మోసే గుర్రంలో ఉంది. దాని పైనుండే లోహపు రేకు వెడల్పుగా, కొంచెం వంపుగా ఉంటుంది. తీగ దాన్ని ఒక్క అంచు మీద కాక, కంపించినప్పుడల్లా తాకుతూ వదులుతూ ఉంటుంది. సి.వి. రామన్ 1921లో మన వీణ, తంబురాల గురించి పరిశోధన పత్రం రాశారు. మామూలు నియమం ప్రకారం, తీగను ఎక్కడ మీటితే అక్కడ కదలిక లేని అనుస్వరాలు (అసలు స్వరంతో పాటు సన్నగా పలికే పై స్వరాలు) పలకకూడదు. ఈ వాద్యాల్లో అవి కూడా వినిపిస్తున్నాయని, అందుకు ఈ గుర్రమే కారణమని ఆయన చూపారు. అందుకే వీణ మీద ఉట్టి షడ్జం మీటినా వినడానికి చాలా ఉంటుంది. ఏ కృతీ రానివాళ్లకు కూడా ఆ నాదం పూర్తిగానే దక్కుతుంది.

ఇక చేతి సంగతి. మనకు మొదటి పాఠాలు మాయామాళవగౌళ రాగంలో ఎందుకో వీణ మీద చూస్తే కళ్లకే కనిపిస్తుంది. సారణి ఖాళీ తీగ షడ్జం. రిషభం ఒకటో మెట్టు, గాంధారం నాలుగు, మధ్యమం ఐదు. పంచమం ఏడు, ధైవతం ఎనిమిది, నిషాదం పదకొండు, పై షడ్జం పన్నెండు. స-రి-గ-మలో ఉన్న దూరాలే ప-ద-ని-సలో మళ్లీ వస్తాయి: ఒకటి, మూడు, ఒకటి. కింద నేర్చిన నడకే వేలు పైన నడుస్తుంది. మొత్తం మెట్లు ఇరవై నాలుగు, అంటే షడ్జం నుంచి పై షడ్జం దాకా ఒక స్థాయి చొప్పున రెండు స్థాయిలు. పన్నెండో మెట్టు తీగ పొడవులో సరిగ్గా సగం దగ్గర ఉంటుంది. కొన్ని వారాలయ్యాక చూపు మెట్ల మీద నుంచి లేచినా వేలు నాలుగో మెట్టు మీదే పడుతుంది. నిన్నటిదాకా వెతుక్కున్న చోటు ఇవాళ చేతికి తెలిసిపోవడం పెద్దవయసులో చాలా అరుదుగా దొరికే అనుభవం. ఆఫీసు పనిలో నేర్చుకునేది ఎక్కువగా తలలోనే ఉండిపోతుంది, ఇది ఒంటికి పడుతుంది.

ఈ సుఖాన్ని చెడగొట్టే మొదటి పని తొందర. సరళీవరుసలు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, వాయించాలంటారు. ఒకటో కాలంలో ప్రతి స్వరమూ ఒకే బలంతో పలకకుండానే మూడో కాలానికి వెళితే కుడిచేతి లోపం దాక్కుంటుంది. చూపుడువేలు, మధ్యవేలు ఒకదాని తర్వాత ఒకటి మీటాలి. మధ్యవేలి మీటు దాదాపు అందరికీ బలహీనంగానే మొదలవుతుంది, అందుకే స్వరాలు ఒకటి పెద్దగా, ఒకటి చిన్నగా పలుకుతాయి. వరస మొత్తాన్ని మధ్యవేలితో మాత్రమే వాయించి, తర్వాత రెండు వేళ్లూ కలపండి. చిటికెనవేలు తాళపు తీగలను మరిచిపోతోందంటే మీరు పరుగెడుతున్నట్టే. ఎడమచేతి వేళ్ల కొసల మీద గాడి పడుతుంది, మొదట్లో మండుతుంది, చుక్క కొబ్బరినూనె రాసుకుంటే వేలు జారుతుంది. కొసల మంట మామూలే. మణికట్టు, మోచేయి నొప్పి మాత్రం భరించొద్దు, వీణ పట్టుకున్న తీరు గురువుగారికి చూపించండి. రోజుకు అరగంట చాలు. ఆదివారం ఒక్కరోజే మూడు గంటలు కూర్చుంటే వేళ్లు పుండ్లవుతాయి, సోమవారానికి చెయ్యి మరిచిపోతుంది.

గమకం దగ్గరికొచ్చేసరికి సుఖం మరో మెట్టెక్కుతుంది. నొక్కిన తీగను మెట్టు మీదే పక్కకు లాగితే బిగువు పెరిగి స్వరం పైకి పోతుంది. అలా ఒకే మెట్టు మీద రెండు మూడు స్వరాలు పలికించవచ్చు. ఎంత లాగాలో మెట్టు చెప్పదు, చెవి ఒక్కటే చెబుతుంది. మొదట్లో లాగుడు చాలక స్వరం కిందే ఆగిపోతుంది. అందుకని ముందు పై మెట్టు మీద ఆ స్వరాన్ని మామూలుగా మీటి విని, గొంతుతో పలికి, తర్వాత కింది మెట్టు నుంచి దాన్ని లాగి అందుకోండి. పాడుకుంటూ వాయించేవాళ్లు దీన్ని త్వరగా పట్టుకుంటారు.

ఇలా కొన్నాళ్లు గడిచాక వినడం మారుతుంది. శంకరాభరణం, కల్యాణి రాగాలకు తేడా ఒక్క మధ్యమమే. సారణి మీద అది ఐదో మెట్టుకూ ఆరో మెట్టుకూ ఉన్న తేడా. ఇది చేతికి తెలిసినవాళ్లు చిక్కడపల్లి త్యాగరాయ గానసభలోనో, రవీంద్రభారతిలోనో కూర్చుని వింటుంటే ఒళ్లో వేళ్లు కదులుతాయి. పాత సినిమా పాటలో మధ్యమం ఏదో వెతుక్కుంటారు. నా దృష్టిలో, ఇంటి వాయిద్యకారుడికి దక్కే అతిపెద్ద లాభం ఇదే.

చాలామంది మానేయడానికి కారణం బద్ధకమని అనుకుంటాం. తరచుగా అసలు కారణం వాద్యం స్థితి. శ్రుతి తప్పిన మెట్ల మీద ఎంత సాధన చేసినా బాగా వినిపించదు, "నాకు చెవి లేదు" అని వదిలేస్తారు. మెట్లు నిలిచేది మైనంలో. తేనె మైనం, నల్లపొడి కలిపిన ముద్ద అది. హైదరాబాదు వేసవిలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. మూసిన కారులో పెట్టినా, పడమటి ఎండ కొట్టే గోడకు ఆనించినా మైనం మెత్తబడి మెట్లు కదులుతాయి. నెలకోసారి ఇలా చూసుకోండి: ఖాళీ సారణి శ్రుతిలో ఉన్నప్పుడు ఏడో మెట్టు పంచమం, పన్నెండో మెట్టు పై షడ్జం శ్రుతిపెట్టెతో కలుస్తున్నాయా? కలవకపోతే ముందు తీగ మార్చి చూడండి, పాతబడి తుప్పుపట్టిన తీగ కూడా అపశ్రుతి పలుకుతుంది. అప్పటికీ కుదరకపోతే మేళం మళ్లీ కట్టించాలి, అంటే మెట్లన్నీ కొత్త మైనంలో శ్రుతికి అమర్చించాలి. ఆ పని తెలిసినవాళ్లకే ఇవ్వండి. ఇంట్లో మైనం కరిగించే ప్రయోగం వద్దు, ఒక మెట్టు సరిచేయబోయి పక్కన నాలుగు కదులుతాయి. ఎండాకాలం పొడిగాలికి బిరడాలు సన్నబడి జారతాయి, కొంచెం సుద్దపొడి రాస్తే పట్టు దొరుకుతుంది. వానాకాలంలో అవే ఉబ్బి బిగుసుకుంటాయి, అప్పుడు బలవంతంగా తిప్పితే విరుగుతాయి.

ఒంటరి సాధనతో పాటు మరొకరి పక్కన కూర్చుని వాయించడమూ ఉండాలి. పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన జరిగేచోట్ల ఆయన అయిదు పంచరత్న కృతులను అందరూ కలిసి పాడే, వాయించే గోష్ఠి ఉంటుంది. అక్కడ ఆరితేరినవాళ్లూ కొత్తవాళ్లూ కలిసి కూర్చుంటారు. అయిదూ రాకపోతే వచ్చినంతవరకే వాయించి, మిగతాచోట తాళపు తీగలు మీటినా తప్పులేదు. శ్రుతి మాత్రం ముందుగా వెళ్లి అందరితో కలుపుకోండి.

చివరిగా, ఎప్పుడో నేర్చుకుని వదిలేసి, వీణకు గవిసెన తొడిగి మూలన పెట్టినవాళ్లు ఈ సభలో కొందరైనా ఉంటారు. ఇంటికెళ్లాక తీసి చూడండి. కుండలో, దండిలో పగుళ్లేమైనా ఉన్నాయేమో చేత్తో తడిమి చూడండి. ఏడు తీగలూ మార్పించండి. కొత్త తీగలు మూడు నాలుగు రోజులు సాగుతూ శ్రుతి దిగుతుంటాయి, అది మీ లోపం కాదు. ఆ రోజుల్లో వర్ణాలూ కృతులూ ముట్టుకోకుండా శ్రుతి కలుపుకోవడం, ఖాళీ తీగలు మీటడం, మాయామాళవగౌళ ఆరోహణ అవరోహణలు ఒకటో కాలంలో వాయించడం, ఇంతవరకే చేయండి. వారం తర్వాత, అప్పట్లో మీకు బాగా వచ్చిన గీతం ఒకటి పుస్తకం చూడకుండా మొదలుపెట్టండి. ఎక్కడ ఆగిపోతారో అక్కణ్ణుంచి గురువుగారి దగ్గరికి వెళ్లండి.